మజిలీల లెక్క

మా తమ్ముడు ఇంగ్లండులో ఉత్తరపు దిక్కున, న్యూకాసిల్ అను రేవుపట్టణమునకు చేరువగా కాపురమున్నాడు. అక్కడికి పోయి ఎనిమిదేండ్లయినది. గడచిన సంక్రాంతినాడు ఫోనులో మాటలాడుచు, "అక్కయ్యా, ఈ వేసవి సెలవులకు అమ్మను, నిన్ను, పాపను ఇక్కడికి రప్పించెదను. ఇక్కడినుండి మన కారులోనే నార్వే దేశము చూచి వత్తము. అచ్చట సముద్రము కొండల నడుమకు కోసులకొలది చొచ్చుకొని వచ్చియుండును. అమ్మ నడువనక్కరలేదు, కారులో కూర్చుండియే అన్నియు చూడవచ్చును" అనెను. అమ్మకు కుడికాలు సరిగా వంగదు. యాత్రలన్నచో మెట్లుండునని జంకి, ఇన్నేండ్లుగా ఊరు దాటి పోవుటయే మానుకొన్నది. అట్టి యామె, "కూర్చుండి చూచుటయే కదా, పోదము" అని వెంటనే యనుటతో మాకందరకు ఆశ్చర్యమును ఆనందమును కలిగెను.

మా వారు ఉపాధ్యాయులు. వేసవిలో పరీక్షాపత్రములు దిద్దు పని యొకటి, ఇంటిల్లిపాది ఖర్చును ఒకేసారి భరింపలేకపోవుట యొకటి, ఈ రెండు కారణములచే తాము రాలేమనియు, మమ్ము పోయి రమ్మనియు చెప్పిరి. తమ్ముడు, మరదలు, అమ్మ, నేను, పదమూడవయేట నున్న మా పాప, కారునకు ఐదుగురము సరిపోయితిమి. "ఇంటి జమాఖర్చులు వ్రాయుదానవు నీవు; మజిలీల లెక్కయు నీవే చూడుము" అని తమ్ముడు ఆ భారమును నామీద పెట్టెను. తిరుపతికి బస్సు టిక్కెట్లు తీయించుటకన్న పెద్ద యేర్పాటు నేనంతవరకు చేసి యెరుగను. అయినను కాదనలేదు.

నాన్నగారు నాకు ఇంటివద్దనే చెప్పిన కావ్యములలో మేఘసందేశ మొకటి. యక్షుడు ఒక సంవత్సరము భార్యకు దూరమై దుఃఖించుచున్నవాడు గదా, సందేశమునే ముందు చెప్పవలెను. అట్లు చేయడు. ముందు దారి చెప్పును. ఆ పిమ్మట గాని వార్త చెప్పడు. ఎక్కడ అలసిన ఏ కొండకొమ్ముమీద విశ్రమింపవలెనో, చిక్కిపోయినచో ఏ నదిలో నీరు త్రాగవలెనో, వంకదారి యైనను ఉజ్జయినిని చూడక పోరాదనియు, అన్నియు చెప్పును. "మేఘమునకు అలసట యేమి నాన్నగారూ?" అని నేను చిన్ననాడు నవ్వితిని. "పంపువానికి ప్రేమ యున్నచో పోవువాని అలసటయు తోచునమ్మా" అని వారనిరి. ఈ ప్రయాణపు లెక్కకు కూర్చున్న మొదటి దినముననే ఆ మాట జ్ఞాపకము వచ్చెను.

పాఠశాలలో పాతబడినదని తీసివేసిన అట్లాసొకటి మా వారు తెచ్చి యిచ్చిరి. అందులో న్యూకాసిల్ నుండి నార్వేలోని బెర్గెన్ పట్టణము వరకు సముద్రముమీద చుక్కలగీత కానవచ్చెను. తమ్ముని యింటి వాకిట ఓడ యెక్కి నేరుగా నార్వేలో దిగవచ్చునని నేను పొంగిపోతిని. తమ్ముడు నవ్వి, "అక్కయ్యా, ఆ ఓడ 2008లోనే నిలిచిపోయినది" అనెను. పాత పటమును నమ్మి దారి వేయరాదని ఆనాడు తెలిసినది. అంతట అతడే తన పథకమును వాట్సాపులో పంపెను. అది ఒక చిన్న కాగితమున ఇమిడినది.

దాని సంగతి యేమనగా: న్యూకాసిల్ నుండి దక్షిణమునకు సుమారు 550 కిలోమీటర్లు పోయి ఫోక్‌స్టన్ చేరుట, అచ్చట కారుతోకూడ రైలెక్కి, 1994లో తెరచిన సముద్రగర్భపు సొరంగములో 35 నిమిషములలో ఫ్రాన్సు దేశమునకు దాటుట, అక్కడినుండి బెల్జియము, హాలండు, జర్మనీ, డెన్మార్కు, స్వీడను దేశముల గుండ నార్వే రాజధాని యగు ఓస్లో చేరుట. అంతయు కలిసి సుమారు 2,300 కిలోమీటర్లు. విజయవాడనుండి ఢిల్లీ పోయినను ఇంకను మిగులునంత దూరము. దీనికతడు వ్రాసికొన్న కాలము రెండు పగళ్లు, నడుమ నొక రాత్రి. ఆ రాత్రియు బస లేదు. "నెమ్మదిగా నడుపుచు పోదము, రాత్రి రోడ్లు ఖాళీగా నుండును" అని వ్రాసియుండెను. తోలువాడు తానొక్కడే. మరదలికి లైసెన్సు వచ్చి ఆరు నెలలయినది. పరదేశములో కుడివైపు దారిమీద నడుపుటకు ఆమెకు ధైర్యము లేదు.

ఆ కాగితము చూచినప్పుడు నా చేతులు చల్లబడినవి. కారణము తరువాత చెప్పెదను. అప్పటికి మాత్రము, "వీసాల సంగతి తేలిన పిమ్మట దారి సంగతి చూతము" అని ఉత్తరమిచ్చి ఊరకుంటిని.

వీసాల సంగతి ఇట్లు ప్రయాణము తలపెట్టు సోదరీమణులకు ఉపయోగపడునని కొంచెము వ్రాయుచున్నాను. ఇంగ్లండు వీసా వేరు, ఐరోపా వీసా వేరు. షెంగెన్ అను ఒడంబడికలో నిప్పుడు 29 దేశములు చేరియున్నవి. వాటన్నింటికి ఒక వీసా చాలును. నార్వే ఐరోపా సమాఖ్యలో లేకున్నను ఈ ఒడంబడికలో నున్నది. ఇంగ్లండు ఇందులో లేదు. చుట్టపుచూపుగా ఇంగ్లండు పోయి, అక్కడినుండి షెంగెన్ వీసా అడుగుదమన్న సామాన్యముగా కుదరదు. మనము నివసించు దేశములోనే అడుగవలెను. రెండింటికిని పాస్‌పోర్టును ఒప్పగింపవలెను గనుక ఒకటి చేతికి వచ్చిన తరువాత గాని రెండవదానికి పోరాదు. ప్రయాణమునకు ఆరు నెలలలోపున, పదునైదు దినములకు తక్కువ గాకుండ దరఖాస్తు పెట్టవలెను. ఏ దేశములో హెచ్చు దినములు గడపుదుమో ఆ దేశమునే అడుగవలెను, మాకది నార్వే. ముప్పదివేల యూరోలకు తక్కువ గాని వైద్యపు భీమా కావలెను. అమ్మకు చక్కెరజబ్బు గనుక ఆ కాగితమును రెండుమారులు చదివించుకొంటిని. ఏ రాత్రి ఎచ్చట బసయో వ్రాసి చూపవలెను. ఈ చివరి నిబంధన చూచి నేను మనస్సులో సంతోషించితిని. తమ్మునితో వాదింపక తప్పదనుకొన్న మాటను కచ్చేరివారే ముందుగా అడిగిరి.

ఆ మీదట లెక్కకు కూర్చుంటిని. కిలోమీటర్లు చూచి మోసపోరాదని నాకు తెలిసినది ఈ లెక్కలోనే. జర్మనీలోని పెద్ద బాటలలో కొన్నిచోట్ల వేగమునకు హద్దే లేదు. నూటముప్పదికి మించకుండుట మంచిదని సలహా మాత్రమున్నది. నార్వేలో ఊళ్లకు వెలుపల సామాన్యముగా గంటకు 80 కిలోమీటర్లే హద్దు, ఊళ్లలో 50. ఆ 80 అయినను కొండమలుపులలో సాగదు. కావున జర్మనీలోని మూడువందలు నార్వేలోని మూడువందలు ఒకటి కావు. ఈ విధముగా గంటలు కట్టి చూడగా, తమ్ముని పథకములో అతడు నిద్ర లేకుండ ఇరువదియారు గంటలకు తక్కువ గాకుండ చక్రము పట్టుకొని యుండవలెనని తేలెను.

ఈ లెక్క పంపగా అతడు వాదమునకు దిగెను. "ఐరోపాలో లారీ నడుపువారికి చట్టమున్నది. నాలుగున్నర గంటలు నడిపిన పిమ్మట 45 నిమిషములు విశ్రాంతి. జర్మనీలో పుట్‌గార్డెన్ నుండి డెన్మార్కులో రోడ్బీకి దాటు ఓడ సరిగా 45 నిమిషములు పట్టును. లారీవానికి చాలిన విశ్రాంతి నాకు చాలదా?" అనెను. నేనా చట్టమును మా వారిచేత వెదకించి పూర్తిగా చదివితిని. అందులోనే రోజుకు సామాన్యముగా తొమ్మిది గంటలకు మించి నడుపరాదనియు, పదునొకండు గంటలు విశ్రాంతి కావలెననియు వ్రాసియున్నది. తమ్ముడు మొదటి వాక్యము చదివి పుస్తకము మూసినాడు. చిన్ననాడు ఎక్కములును అట్లే చదివెడివాడు.

ఈ వాదములో నాకొక ఉపాయము తోచెను. కృష్ణమీద బల్లకట్టుపై లారీలను దాటించుట మనలో చాలమంది చూచియుందురు. బండి బల్లకట్టుమీద నున్నంతసేపు బండివాడు చుట్ట కాల్చుకొని కూర్చుండును. బండి మాత్రము దారి సాగుచునే యుండును. అట్లే రాత్రియంతయు సాగు బల్లకట్టు దొరకినచో? వెదకగా దొరకెను. ఒకటి కాదు, మూడు దొరకినవి. తమ్ముని యింటికి చేరువ రేవునుండియే సాయంకాలము బయలుదేరి మరునాడు ఉదయము హాలండులోని ఐమౌడెన్ రేవు చేరు ఓడ యొకటి. జర్మనీలో కీల్ పట్టణమున మధ్యాహ్నము రెండుగంటలకు బయలుదేరి, ఇరువది గంటలు నడచి, మరునాడు పదిగంటలకు ఓస్లో చేరు ఓడ రెండవది. తిరుగుదారిలో బెర్గెన్ నుండి డెన్మార్కు ఉత్తరపు కొసనున్న హిర్త్స్‌హాల్స్ వరకు రాత్రి నడచునది మూడవది. కార్లు క్రింది అంతస్తులో నుండును; మనుష్యులకు పైన గదులు, పడకలు. సారథి నిద్రించుచుండగా రథము సముద్రముమీద సాగిపోవును. ఈ విధముగా పోయిన నార్వే చేరులోపల తమ్ముడు నడుపవలసినది ఆరువందల కిలోమీటర్లకు లోపే. దానిని బ్రెమెన్ పట్టణమున ఒక రాత్రి ఆగి రెండు దినములుగా విడదీయవచ్చును.

ఈ సంగతి పంపగానే వాడు మెచ్చుకొనునని యాశించితిని. వాడు ఖర్చు చూచెను. ఐదుగురకు గదులతో ఓడలు, బ్రెమెనులో బస, ఇవన్నియు కలిసి సొరంగపు దారికన్న చాల హెచ్చగును. ఆ రాత్రి ఫోనులో మాట పెరిగెను. "అక్కయ్యా, నీవు నాన్నగారి సంగతి మనస్సులో పెట్టుకొని నన్ను చంటిపిల్లవానినిగా చూచుచున్నావు. నేను నిద్రపోను" అనెను. అనిన పిమ్మట ఇద్దరమును కొంతసేపు మాటలాడలేదు.

చెప్పెదనంటిని గదా. అది 2013వ సంవత్సరము. మా పాపకు అన్నప్రాశనము పెట్టుకొంటిమి. ముహూర్తము ఉదయము 8 గంటలకు. అమ్మయు నాన్నగారును చిత్తూరునుండి అద్దెకారులో రావలెను. ఏదియో పని తెమలక వారు బయలుదేరునప్పటికి రాత్రి తొమ్మిదిగంట లయినది. నేను ఫోను చేసి, "మేనమామ ఎట్లును పరీక్షలలో నున్నాడు, తాతగారును లేకున్న పాపకు బంగారపుటుంగరముతో పాయసము నాకించువారెవరు? దారిలో ఎక్కడను ఆగకుడు" అంటిని. ఒంగోలు దాటిన తరువాత, తెల్లవారుజామున నాలుగుగంటల వేళ, ఆ కారు రోడ్డుప్రక్క నిలిచియున్న లారీని ఢీకొనెను. తోలువాడు ఇరువదిరెండేండ్ల పిల్లవాడు. అంతకు ముందటి రాత్రియు నిద్ర లేదట. వాడు దెబ్బలతో బ్రదికెను. నాన్నగారు అక్కడనే పోయిరి. అమ్మకు కాలు విరిగెను. ఎనిమిదిగంటల ముహూర్తమునకు నేను ఆస్పత్రి వరండాలో నుంటిని. దారిలో ఆగవలదని చెప్పినదానను నేనేయని నాటినుండి నేడు వరకు అమ్మతో గాని తమ్మునితో గాని నేనెత్తలేదు. వారును ఎత్తలేదు. ఎరిగియు దయతో ఊరకున్నారనుకొని యుంటిని.

ఆ రాత్రి ఫోను బల్లమీద పెట్టి, అందరకు వినబడునట్లుగా మాటలాడుచుంటిమి. అమ్మ ప్రక్కగదిలో పడుకొన్నదనుకొంటిమి. ఆమె గోడ పట్టుకొని నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూర్చున్నది. కూర్చుండి, "నెల్లూరులో ఆ పిల్లవాడు టీ త్రాగుట కాపినాడు" అనెను. ఎవరితో చెప్పుచున్నదో మాకు మొదట తెలియలేదు. "రాత్రి పండ్రెండు దాటినది. 'అమ్మగారూ, రెండుగంటలు పడుకొని పోదుమా' అని వాడే అడిగినాడు. మీ నాన్నగారు సరే యని, అక్కడ గది యడిగిరి. ఎనిమిదివందలు చెప్పిరి. రెండుగంటల నిద్రకు ఎనిమిదివందలా యని నేనే వలదంటిని. మీ నాన్నగారు నామాట కెదురాడలేదు. వాడు ముఖము కడుగుకొని వచ్చి కూర్చున్నాడు."

నేను, "అమ్మా, ఆగవలదని నేను గదా..." అనబోతిని. "నీవు ఎక్కడి దానవు, నీ ఫోను తొమ్మిదింటికి. నేను పండ్రెండింటికి కారులో నుంటిని" అని నా మాట త్రుంచెను. పండ్రెండేండ్లకు పైగా ఒకే కప్పు క్రింద నున్నాము. ఒకే పప్పు వండుకొని తిన్నాము. నాది నేను దాచుకొంటిని, తనది తాను దాచుకొన్నది.

అటు తరువాత ఆమె ఫోనువైపు తిరిగి తమ్మునితో నిట్లనెను: "నాయనా, మీ నాన్నగారు అక్కయ్యకు ద్రోణపర్వము చెప్పుచుండగా నేను వంటయింటినుండి వినెడిదానను. సైంధవుని చంపు దినమున సూర్యుడు క్రుంకులోపల పని కావలెనని అర్జునునకు ప్రతిజ్ఞ. అంత తొందరలోను గుఱ్ఱములు అలసినవని నడియుద్ధములో రథమాపిరి. అర్జునుడు బాణముతో మడుగు కల్పించెను. కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, నీరు పెట్టి, మాలిసు చేసెను. నీకేమి ప్రతిజ్ఞ యున్నది? ఓడలకును బసలకును అగు ఖర్చు నాది. మీ నాన్నగారి పింఛనులో నాకు వచ్చునది బ్యాంకులోనే యున్నది. దానితో నేను చేసికొనునదేమి?"

తమ్ముడు చాలసేపటికి, "సరేనమ్మా" అనెను. ఆ పిమ్మట ముక్కు చీదిన శబ్దము వినబడెను. మరదలు ఫోను తీసికొని రేపు మాటలాడెదమని పెట్టివేసినది.

మరునాటినుండి పని చులకనగా సాగినది. ఇప్పుడు మా దారి యిట్లున్నది. మొదటి రాత్రి ఓడలో. రెండవ రాత్రి బ్రెమెనులో. అక్కడి నగర భవనము ప్రక్కన గాడిద, కుక్క, పిల్లి, కోడిపుంజు ఒకదానిపై నొకటి నిలిచిన కంచుబొమ్మ యున్నది. ముసలివై పనికిరావని యజమానులు వదలుకొన్న ఆ నాలుగును కలిసి బ్రెమెను పోయి పాటకచేరి చేయుదమని బయలుదేరిన జర్మను కథ పాపకు తెలియును. కథలో అవి బ్రెమెను చేరవేలేదట. దారిలోనే మంచి యిల్లు దొరకి నిలిచిపోయినవట. ఇది విని అమ్మ మిక్కిలి నవ్వినది. మూడవనాడు కీల్‌లో ఓడ యెక్కుదుము. ఆ ఓడ డెన్మార్కులో గ్రేట్ బెల్ట్ అను జలసంధిమీది వంతెన క్రిందుగా పోవును. 1998లో తెరచిన ఆ వంతెనకు రెండు స్తంభముల నడుమ ఖాళీ 1,624 మీటర్లు. మేము భోజనము చేసికొని దాని క్రిందనుండి పోయెదము.

మే 17 నార్వే జాతీయదినము. 1814లో రాజ్యాంగము వ్రాసికొన్న దినమట. ఆనాడు ఓస్లోలో పిల్లల ఊరేగింపు చూడవలెనని పాప మారాము చేసెను గాని, బసలు దొరకుట కష్టమని తరువాతి వారమునకు పెట్టితిమి. ఓస్లోనుండి పడమరగా లార్డాల్ వరకు సుమారు మూడువందల కిలోమీటర్లు. నడుమ ఫాగెర్నెస్‌లో ఒక రాత్రి. దారిలో బోర్గుండ్ అను చోట ఎనిమిదివందల యేండ్లకు పూర్వపు కొయ్య ప్రార్థనాలయ మున్నది. కప్పుమీద కప్పుగా నిలిచి, కొసలయందు సర్పపు తలలవంటివి కలిగి, మన గాలిగోపురములను కొంచెము జ్ఞప్తికి తెచ్చుచున్నది. దానిని దాటినంతనే 2000లో తెరచిన సొరంగము. 24 కిలోమీటర్లన్నర పొడవు. కొండమీది పాత దారి అందముగా నుండునట కాని మే నెలలో ఇంకను మంచుతో మూసియుండవచ్చును. ఈ సొరంగమును గూర్చి చదువుచుండగా ఒక సంగతి కనబడి, చదువుట నిలిపి అమ్మను పిలిచి చెప్పితిని. అంత దూరము ఒకే చీకటిలో పోయిన నడుపువానికి కన్ను మూతపడునని, నడుమ మూడుచోట్ల కొండను విశాలమైన మండపములవలె తొలిచి, నీలపు దీపములు పెట్టినారట. అంచులందు తెల్లవారుచున్నట్లు పసుపుకాంతి యుండునట. ఒక్క మనుష్యుడు కునుకకుండుటకు రాతిలో ఉషఃకాలమును కల్పించిరి. అమ్మ ఏమియు అనలేదు. కొంతసేపటికి, "అక్కడ కొంచెము నెమ్మదిగా పొమ్మని చెప్పుము" అనెను.

సొరంగము కడచిన పిమ్మట ఫ్లోమ్ అను పల్లెలో రెండు రాత్రులు. అక్కడినుండి పడవమీద నారోయ్ అను సముద్రపుపాయలో తిరుగవచ్చును; కొన్నిచోట్ల ఆ పాయ వెడల్పు 250 మీటర్లే. అది సోగ్నె అను మహాపాయకు కొమ్మ. ఆ పాయ రెండువందల కిలోమీటర్లకు పైగా దేశములోనికి చొచ్చియున్నది. లోతు 1,300 మీటర్లు. దాని ముఖద్వారపు దిక్కున 2015నుండి ఆంపేర్ అను ఓడ కార్లను దాటించుచున్నది. బ్యాటరీతోనే నడచు కార్ల ఓడలలో లోకమున మొదటిది అదియేనట. తమ్ముడు యంత్రముల పిచ్చివాడు; దానికై ఒక దినము వంకదారి అడిగినాడు. ఇచ్చితిని. ఉజ్జయిని అందరకు ఒకటే కాదు.

ఇక సామానుల సంగతి. ఓడ కదలిన తరువాత కార్లున్న అంతస్తునకు పోనీయరు. కావున అమ్మ ఇన్సులిను, మందులు, పలుచని కంబళి, రాత్రికి కావలసిన బట్టలు వేరు సంచిలో పెట్టుకొని ముందే పైకి పోవలెను. ఇది తెలియక సూదిమందు కారులో వదలినచో రాత్రియంతయు దాని మీదనే నిలుచుండియు అందుకొనలేము. ఇంగ్లండునుండి ఐరోపా సమాఖ్యలోనికి పోవువారు పాలతో చేసినవియు మాంసమును తీసికొనిపోరాదు. అనగా అమ్మ తోటకూరకైన వదలని నెయ్యి కూడదు, పెరుగుతోడు కూడదు. ఆవకాయకు అడ్డు లేదు. కరివేపాకువంటి పచ్చియాకులకు ధ్రువపత్రము కావలెనట. పండ్లలో అట్టి పత్రము లేకుండ పోనిచ్చునవి ఐదు మాత్రమే. అందులో అరటిపండును కొబ్బరికాయయు నున్నవి. "మన దేవుని సంగతి వారికెట్లు తెలిసెను?" అని అమ్మ ఆశ్చర్యపడినది.

ఇంగ్లండు కారులో చక్రము మనకువలె కుడిచేతి వైపుండును. హాలండులో దిగిన తరువాత అందరును దారికి కుడివైపున పోవుదురు. ముందుబండిని దాటిపోవలసినపుడు ఎదుట వచ్చునది మా తమ్మునికి కనబడదు. ఎడమప్రక్క కూర్చున్నవారికే ముందుగా కనబడును. ఆ స్థానము నాకిచ్చిరి. దీపముల కాంతి ఎదుటివారి కన్నులలో పడకుండ అద్దమున అతికింపవలసిన బిళ్లలు, కారు చెడి నిలిచినచో వెనుక పెట్టవలసిన ముక్కోణపు గుర్తు, మెరయు చొక్కాయి, ఇవి తమ్ముడు కొని పెట్టినాడు. సందేహమున్నప్పుడు నేను 'వలదు' అన్నచో దాటరాదని వానిచేత మాట తీసికొంటిని. 'వలదు' అనుట నా కలవాటేనని వాడు మరదలితో అన్నాడట.

సంధ్యాదీపము సంగతి ఇంకను తేలలేదు. మే నెలాఖరున ఓస్లోలో సూర్యుడు క్రుంకునప్పటికి రాత్రి పదిగంటలు దాటును. ఓడలో నిప్పు వెలిగింపనే రాదు. మన యూరి సంధ్యవేళకు చేతులు జోడించుకొందునని ఒకనాడు, అక్కడి సూర్యుడు ఎప్పుడు క్రుంకిన అప్పుడేనని ఒకనాడు అమ్మ చెప్పుచున్నది. రెండవదే స్థిరపడినచో మేమందరమును మేలుకొని యుండవలసి వచ్చును; తమ్ముడు తప్ప.

నిన్న టిక్కెట్లు వచ్చినవి. కాగితమున కారు సంఖ్య, మా ఐదుగురి పేర్లు, గదుల సంఖ్యలు ఉన్నవి. మొదటి ఓడలో ఒక గదిలో ముగ్గురము, ఒకదానిలో ఇద్దరు. అమ్మ తన చిన్న పుస్తకములో ఒక్కొక్క రాత్రికి ఒక్కొక్క వరుస గీచుకొని, "ఓడ, బ్రెమెను, ఓడ, ఓస్లో" అని వరుసగా వ్రాయించుకొన్నది. ఒక వరుసయు ఖాళీ లేదని వ్రేలితో తడవి చూచుకొన్నది. తరువాత అడిగినది: "అబ్బాయి గదిలో పడకలు ఒకదానిమీద నొకటి యుండునా?"

ఉండునంటిని.

"వానికి క్రిందిది యిమ్మనుము. పైనెక్కిన వానికి చిన్ననాటినుండి నిద్ర పట్టదు."